తోడు పెట్టిన బుగ్గలు



పోయిన నెల మంగు మచ్చల గురించి రాస్తూ, చివర్లో మాటవరసకి కొలాజెన్ ఇంజెక్షన్ల ఊసెత్తాను. మంగు గురించి ఏడో ఎనిమిదో ఉత్తరాలొచ్చాయి. ఆ ఊసు గురించి మాత్రం కట్ట కట్టేటన్ని వచ్చాయి. విడివిడిగా రాసే ఓపిక లేదు కాబట్టి, ఇదిగో, అందరికీ కలిపి ఈ ఒక్క ఉత్తరం.

ముందు ఒకావిడ సంగతి. పేరూ ఊరూ చెప్పను. వయసు యాభై రెండు, షుగరు ఉంది. డాక్టరు చెప్పినట్టు పొద్దున నడక మొదలుపెట్టింది, రాత్రి అన్నం మానేసింది, దానికితోడు ఈమధ్య వచ్చిన బరువు తగ్గే ఇంజెక్షన్ వారం వారం వేయించుకుంది. పదకొండు కిలోలు తగ్గింది. రిపోర్టులు చూసి షుగర్ డాక్టరు మురిసిపోయాడట. ఆ వారమే మేనల్లుడి పెళ్లి. కల్యాణమండపం గుమ్మంలోనే తోటికోడలు ఎదురై, "అయ్యో అక్కా, అంతలా చిక్కిపోయావేంటి, ఒంట్లో బాగుంటోందా?" అంది. భోజనాల బంతిలో ఇంకొకరు, మెట్ల దగ్గర మరొకరు. "నడుము తగ్గిందని ఒక్కరూ మెచ్చుకోలేదు డాక్టరుగారూ, మొహం పీక్కుపోయిందని మాత్రం అందరూ అన్నారు" అని రాసింది.

పీక్కుపోవడం అన్న మాట నాకు చాలా ఇష్టం. చర్మం వేలాడిందనో ముడతలు పడ్డాయనో అనలేదు చూడండి. లోపల్నించి ఎవరో పట్టి లాగేసినట్టు ఉందంటున్నాం. జరిగేదీ దాదాపు అదే. మొహంలో కొవ్వు ఒకటే పొరలా పరుచుకుని ఉండదు, చిన్న చిన్న దిండ్లలా అర అరగా ఉంటుంది. వయసుతోనో, బరువు తగ్గినప్పుడో ఆ దిండ్లు పలచబడతాయి. వాటి కింద ఎముక కూడా కొంచెం కొంచెం అరుగుతుంది. దవడ పళ్లు ఊడి, కట్టుడు పళ్లు పెట్టించుకోకపోతే చెంపలకు ఆనుడు ఉండదు. చర్మంలో కొలాజెన్ అనే పీచు ఏటేటా తగ్గుతూ వస్తుంది. ముట్లు ఆగిపోయిన తర్వాతి అయిదేళ్లలో ఆడవాళ్ల చర్మంలో దాదాపు ముప్ఫై శాతం పోతుందని పుస్తకాల్లో ఉంది. మనలాంటి చామనఛాయ వాళ్లకు ఎండ వల్ల పడే సన్నటి ముడతలు ఆలస్యంగా వస్తాయి. ముందు కనబడేవి మంగూ, ఈ గుంటలూ.

కాబట్టి "మొహం పీక్కుపోయింది, ఏదైనా వేయండి" అంటూ వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది మొహం గురించి కాదు. బరువు మీరు తగ్గించుకున్నారా, దానంతటదే తగ్గిందా? దానంతటదే తగ్గితే ముందు రక్తపరీక్షలు. అదుపు తప్పిన షుగరు, థైరాయిడ్, క్షయ, ఇవన్నీ మొదట చెంపల్లోనే కనబడొచ్చు. రెండేళ్ల కిందట ఒకాయన బుగ్గలు నింపమని వచ్చాడు. ఆయన్ని పళ్ల డాక్టరు దగ్గరికి పంపాను. కట్టుడు పళ్ల సెట్టుతో తిరిగొచ్చి, "మీ ఫీజు మిగిలింది" అన్నాడు. నా ఫీజు నాకు మిగల్లేదనుకోండి.

ఇక అసలు విషయానికొస్తాను. "ఫిల్లర్ అన్నా, కొలాజెన్ ఇంజెక్షన్ అన్నా ఒకటేనా?" ఉత్తరాల్లో సగం ఇదే ప్రశ్న. ఒకటి కాదు. మామూలు ఫిల్లర్ అంటే హయలురోనిక్ ఆసిడ్ జెల్. గుంట ఉన్నచోట పోస్తారు, నిండుతుంది, లేచి అద్దంలో చూసుకోవచ్చు. నచ్చకపోతే దాన్ని కరిగించే ఎంజైమ్ ఇంజెక్షన్ కూడా ఉంది. అది బజారు నుంచి పెరుగు తెచ్చి గిన్నెలో వేసుకోవడం లాంటిది. ఈ ఉత్తరంలో నేను చెబుతున్నది పాలల్లో తోడు వేయడం. వేసిన తోడు చెంచాడే, మిగతాదంతా పాలు చేసుకోవాలి.

ఈ పోలిక ఊరికే తేలేదు. ఈ మందుల్లో బాగా పేరున్న స్కల్ప్‌ట్రాలో ఉండేది పాలీ ఎల్ లాక్టిక్ ఆసిడ్. పెరుగుకు పులుపునిచ్చే లాక్టిక్ ఆసిడే, గొలుసులుగా కట్టి సన్నటి పొడి చేస్తారు. కరిగిపోయే కుట్టుదారాల్లో వాడే పదార్థాలకు దగ్గరి చుట్టం. ఆ రేణువులు చర్మం కింద చేరగానే ఒంటికి అవి పరాయివని తెలుస్తుంది. కాపలా కణాలొచ్చి చుట్టుముడతాయి, వాటి వెంట పీచు నేసే కణాలొచ్చి చుట్టూ కొలాజెన్ అల్లుతాయి. కొన్ని నెలల్లో రేణువులు విరిగి లాక్టిక్ ఆసిడ్ అయి, చివరకు నీరూ బొగ్గుపులుసు వాయువూ అయి పోతాయి. అల్లిన కొలాజెన్ మిగులుతుంది. రెండోది రేడియెస్. అందులో ఉండేది కాల్షియం హైడ్రాక్సీ అపటైట్, అంటే మన ఎముకల్లో, పళ్లల్లో ఉండే ఖనిజం లాంటిదే. ఆ గుండ్రటి రేణువుల్ని జెల్‌లో కలిపి ఇస్తారు కాబట్టి అది మొదటి రోజే కొంత నింపుతుంది. జెల్ కొన్ని నెలల్లో పోతుంది, ఆ లోపు కొలాజెన్ దాని స్థానంలోకి వస్తుంది.

"ఆవు చర్మంతో చేస్తారట కదా, మేం శాకాహారులం" అని ముగ్గురు రాశారు. ఆ భయానికి ఒకప్పుడు కారణం ఉంది. 1981లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన జైడెర్మ్ నిజంగా ఆవు కొలాజెనే. ముందుగా చేతికి టెస్ట్ డోసు వేసి, వారాల పాటు ఆగి చూసేవారు. ఇప్పటి ఈ రెండిట్లోనూ జంతు కొలాజెన్ లేదు. మీరు పాలల్లో కలుపుకునే కొలాజెన్ పొడి డబ్బా ఉందే, దాని మీది అక్షరాలు ఓసారి చదవండి. అది చేపదో ఆవుదో అయ్యుంటుంది.

ఇక నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక పెళ్లికూతురి తల్లి వచ్చింది. పెళ్లి పద్దెనిమిది రోజుల్లో ఉంది. ఇప్పుడు వద్దమ్మా అన్నాను. ఆవిడ బతిమాలింది. ఏడ్చింది కూడా. సరేనన్నాను.

ఆవిడకు వేసిన స్కల్ప్‌ట్రా వయల్, అంటే మందు సీసా, ఎలా ఉంటుందో మీకు చెప్పాలి. అడుగున తెల్లటి పొడి, 150 మిల్లీగ్రాముల లాక్టిక్ ఆసిడ్ పాలిమర్, దాన్ని పట్టి ఉంచే మరో రెండు పదార్థాలు. చూస్తే డబ్బా అడుగున మిగిలిన పాలపొడిలా ఉంటుంది. అందులో స్టెరైల్ వాటర్ పోసి నానబెట్టాలి. చివర్లో మొద్దుబార్చే మందు కలుపుతాం. సరిగా నానకపోతే, నురగ పైకొస్తే సూది బిగుసుకుపోతుంది. సిరంజి నొక్కుతుంటే ముందు ఏమీ రాదు, తర్వాత ఒక్కసారిగా వస్తుంది. అలా ఒక్కచోట ముద్ద పడిందంటే రేపు అక్కడ గడ్డ కట్టినట్టే. అందుకే నేను తొందరపడను, మొద్దు మొన ఉన్న కాన్యులాతో విసనకర్ర పుల్లల్లా పరిచి వేస్తాను.

ఆవిడకు వేశాక అద్దం ఇచ్చాను. బుగ్గలు నిండుగా ఉన్నాయి. దండం పెట్టి వెళ్లింది. నాలుగో రోజు ఫోను. "డాక్టరమ్మా, ఉన్నదంతా పోయింది. అంత డబ్బూ నీళ్లల్లో పోసినట్టయింది." నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆవిడ బుగ్గల్లో ఆ మొదటి రోజు కనబడింది అచ్చంగా నీళ్లే. పొడి కలపడానికి పోసిన నీళ్లు రెండు మూడు రోజుల్లో ఒంట్లోకి ఇంకిపోతాయి, బుగ్గ మళ్లీ ఎప్పటిలాగే ఉంటుంది. పాలల్లో తోడు వేసిన పది నిమిషాలకు గిన్నె వంచి చూస్తే ఏముంటుంది? పాలే. ఈ సంగతి వేయకముందు నేను చెప్పాలి. చెప్పాననుకున్నాను, కానీ ఏడుస్తున్న మనిషికి ఏం వినబడుతుంది? పెళ్లి ఫొటోల్లో ఆవిడ బుగ్గలు మామూలుగానే ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత కొడుకు చుండ్రుకు మందు రాయించుకోవడానికి వచ్చింది. పలకరించలేదు. కానీ పెళ్లి ఫొటో పక్కన పెడితే ఎవరికైనా తేడా తెలుస్తుంది. చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటినుంచి పెళ్లిళ్లకు నాదొక లెక్క ఉంది. మాఘమాసం పెళ్లికి శ్రావణంలో రండి. మామూలుగా రెండు మూడు విడతలు పడతాయి, విడతకూ విడతకూ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. కొలాజెన్ తీరిగ్గా అల్లుకుంటూ పోతుంది కాబట్టి, అసలు ఫలితం తెలిసేది ఆఖరి విడత అయిన కొన్ని వారాలకు. ఎంతకాలం ఉంటుందంటారా, లాక్టిక్ ఆసిడ్‌ది రెండేళ్ల దాకా, కాల్షియంది ఏడాది, ఏడాదిన్నర. "వయసులో పదేళ్లకో వయల్" అని కొందరు చెప్పే లెక్క నాకు నచ్చదు. మొహాన్ని చూసి వేయాలి గానీ ఆధార్ కార్డును చూసి కాదు. ఖర్చు? ఒక వయలే పదివేలల్లో ఉంటుంది, విడతలన్నీ కలిపితే లక్ష తాకడం మామూలే. ఇది అందానికి చేసే వైద్యం, ఇన్సూరెన్సు ఇవ్వదు. మొదటి విడతకు సరిపడా డబ్బు పెట్టుకుని, మిగతాది తర్వాత చూద్దామనుకునేవాళ్లు అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను. స్కల్ప్‌ట్రాకు అమెరికాలో ముందుగా అనుమతి వచ్చింది అందం కోసమే అనుకుంటారు చాలామంది. 2004 ఆగస్టులో అక్కడ దానికి మొదటి అనుమతి వచ్చింది ముడతలకు కాదు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పీక్కుపోయిన చెంపలకు. ముడతలకు అనుమతి 2009లో గానీ రాలేదు. అదే 2004లో, ఏప్రిల్ ఒకటిన, మన దేశంలో హెచ్‌ఐవీకి ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలయ్యాయి. మొదట మొదలైన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ మందుల్లో స్టావుడిన్ అనేది ఉండేది. చవకైనది, ప్రాణాలు నిలబెట్టింది. అదే చెంపల్లో, కాళ్లల్లో ఉన్న కొవ్వును తినేసింది. మన దగ్గర చర్మవ్యాధులూ సుఖవ్యాధులూ ఒకే డాక్టరు చదువు కాబట్టి, పీజీ రోజుల్లో ఆ రోగుల్ని నేను చాలామందిని చూశాను. బరువు పెరిగింది, జ్వరాలు తగ్గాయి, పనికి వెళ్తున్నారు. కానీ మొహం చూడగానే ఊరంతా గుర్తుపట్టేస్తుంది.

ఒకాయన లారీ డ్రైవరు. చెల్లెలి పెళ్లిలో పెళ్లివారి ముందు నిలబడాలి. రెండు దవడల్లోనూ చెరో కిళ్లీ బిగించుకుని రోజంతా నిలబడ్డాడట. "ఉమ్మలేదు మేడమ్, మింగలేదు, మాట్లాడలేదు. బావగారు మౌనవ్రతమా అనడిగారు" అని నవ్వుతూ చెప్పాడు. ఆ బుగ్గల్ని నింపడానికి అప్పటికే ఒక మందు ఉందని నాకు తెలుసు. దాని ధర కూడా తెలుసు. ఆయనకు చెప్పలేదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్‌ను క్రమంగా మానేయమంది, తర్వాత మన దగ్గరా మందులు మారాయి. మందు మారినా పోయిన చెంప సాంతం తిరిగి రాదు. బుగ్గల కోసం వచ్చినవాళ్లను ఎవరైనా వెటకారం చేస్తే నాకు నవ్వు రాదు. ఎందుకంటే ఆ రెండు కిళ్లీలు గుర్తొస్తాయి.

సరే, భయాల సంగతికి వద్దాం. "గడ్డలు కడతాయట కదా?" కట్టొచ్చు. పొడి చిక్కగా కలిపినా, పైపైన వేసినా, కదులుతూ ఉండే చోట్ల, అంటే పెదవుల్లో, కంటి చుట్టూ వేసినా, బియ్యపు గింజంత గట్టి గడ్డలు తేలతాయి. వారాలకో నెలలకో కూడా తేలొచ్చు. చాలావరకు చేతికి తగులుతాయి తప్ప కంటికి కనబడవు. అందుకే ఇప్పుడు పలచగా కలుపుతాం, పెదవుల జోలికి పోం. అందుకే మర్దన కూడా చెబుతాం: అయిదు రోజులు, రోజుకు అయిదుసార్లు, అయిదేసి నిమిషాలు. ఒకావిడ కుక్కరు కూతల మధ్య చేసుకునేదాన్నని చెప్పింది. పప్పుకు నాలుగు కూతలు, బుగ్గలకు అయిదు నిమిషాలు. చేతులకు కారం లేకుండా చూసుకోమన్నాను. ఇది లాక్టిక్ ఆసిడ్ మందుకు చెప్పే మాట. మీకు వేసిన డాక్టరు వద్దంటే వద్దు.

గడ్డ కడితే ఏం చేస్తారు? చిన్నవి వాటంతటవే పోవచ్చు. మొండివాటిలోకి కొద్దిగా స్టెరాయిడ్ వంటివి వేసి అణుస్తాం. కానీ మామూలు ఫిల్లర్‌కు ఉన్నట్టు, దీన్ని కరిగించి వెనక్కి తీసే మందు లేదు. ఈ ఒక్క మాట గురించి ఒక రాత్రంతా ఆలోచించుకుని, అప్పుడు రండి. పెరుగు పులిసిపోతే పారబోసి గిన్నె తోముకుంటాం. ఇక్కడ గిన్నె మన మొహం.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం అరుదైనది. మందు పొరపాటున రక్తనాళంలోకి పోయి దాన్ని మూసేయడం. వేసేటప్పుడో వేసిన కాసేపటికో చర్మం తెల్లగా పాలిపోయినా, వల పరిచినట్టు నీలి గీతలు తేలినా, భరించలేని నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా ఇంటికి పోయి రేపు చూద్దామనుకోకండి. ఆ నిమిషమే డాక్టరుకు చెప్పాలి, చూపు సంగతైతే కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. అరుదే గానీ చూపు పోయినవాళ్లున్నారు. కనుబొమల మధ్య, ముక్కు మీద ఈ మందులు నేను వేయను. వేస్తామన్నవాళ్ల దగ్గర మీరు వేయించుకోకండి.

ఎవరికి వద్దంటాను? చెవులు కుట్టిస్తే తమ్మెలకు కాయలు కట్టినవాళ్లకు, అంటే కీలాయిడ్ తత్వం ఉన్నవాళ్లకు. కొలాజెన్ అల్లమని రెచ్చగొట్టే మందును, అడక్కుండానే ఎక్కువ అల్లే ఒంట్లో వేయడం కోరి తెచ్చుకునే గొడవ. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. మొహం మీద సెగగడ్డలు, చీము మొటిమలు ఉన్నప్పుడు వద్దు. ల్యూపస్ లాంటి జబ్బులు చురుగ్గా ఉన్నప్పుడు వద్దు. షుగర్ ఉన్నవాళ్లు అదుపులో పెట్టుకుని రావాలి. ఇంతకుముందు ఎవరో ఏదో వేశారు, ఏమిటో తెలియదు అనేవాళ్లను చూస్తే నాకే భయం. అందులో సిలికోన్ ఉండొచ్చు, దాని మీద ఇది వేయకూడదు. పళ్లు పీకించుకోవడం, రూట్ కెనాల్ లాంటివి ఉంటే ముందే ముగించుకుని, కొన్ని వారాలు ఆగి రండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే కమిలిపోవడం ఎక్కువ. కానీ బుగ్గల కోసం గుండె మాత్ర ఆపకండి. గుండె డాక్టరు సరేనంటే తప్ప ఒక్క రోజు కూడా.

మన చర్మానికి ఇంకో పేచీ, సూది గుచ్చినచోట కూడా నల్లమచ్చ పడొచ్చు. మంగు ఉన్నవాళ్లయితే మరీ జాగ్రత్త. వేయించుకున్న మొదటి వారాల్లో ఎండలో తిరగొద్దు, సన్‌స్క్రీన్ మానొద్దు. కాల్షియం మందు వేయించుకున్నవాళ్లు మరో మాట గుర్తుంచుకోండి. తర్వాతెప్పుడైనా మొహానికి సీటీ స్కాన్ తీస్తే అది తెల్లగా కనబడి, చూసేవాళ్లు కంగారు పడొచ్చు. ముందే చెబితే సరి.

పెళ్లిలో అందరిచేతా చిక్కిపోయావనిపించుకున్న ఆవిడ ఉత్తరం చివర్లో ఇంకో ప్రశ్న ఉంది. "ఒకసారి మొదలుపెట్టి ఆపేస్తే ఇప్పటికంటే ఇంకా పీక్కుపోతుందా?" పోదు. అల్లుకున్న కొలాజెన్ కూడా మిగతా కొలాజెన్‌లాగే కొద్దికొద్దిగా తగ్గుతుంది, మొహం తన దారిన తను వెళ్తుంది. నిండుగా ఉన్న మొహానికి మీ కళ్లు అలవాటు పడి ఉంటాయి కాబట్టి ఎక్కువ పోయినట్టు అనిపిస్తుంది, అంతే. ఆవిడకు నేను రాసిన జవాబు వేరే. బరువు ఇంకా తగ్గుతూనే ఉంది కదా, అది ఆగి ఒకచోట నిలవనివ్వండి, నాలుగైదు నెలలు చూడండి, ఈలోపు కొంత దానంతటదే సర్దుకోవచ్చు అన్నాను. వచ్చే మాఘానికి రెండో మేనల్లుడి పెళ్లి ఉందట. శ్రావణం లోపల ఇంకో ఉత్తరం రాస్తానంది.

ఉంటాను.
మీ డాక్టరమ్మ

తా.క.: మంచి డాక్టరు పేరు చెప్పమని అడిగారు చాలామంది. పేర్లు రాయను. ఎండీ డెర్మటాలజీయో ప్లాస్టిక్ సర్జరీయో చదివినవాళ్లో కాదో, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగండి. బ్యూటీ పార్లరులో, హోటల్ గదిలో, ఫ్రెండు ఇంట్లో "సగం ధరకే" అంటే వద్దు. పెట్టె మీ కళ్ల ముందే తెరవమనండి, ముందే కలిపి ఉంచితే పెట్టె చూపించమనండి. లోపల బ్యాచ్ నంబరున్న స్టిక్కర్ ఉంటుంది, దాన్ని మీ ఫైలులో అంటించమనండి. దాన్ని ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి. పొడి కలపడం మీ ముందు జరగకపోతే కంగారు పడకండి, కొందరం ముందురోజే కలిపి నానబెడతాం, తోడులాగే.